రూట్ కెనాల్ నింపే పద్ధతి, సీల్ నాణ్యత: కెనాల్‌ని చూసి పద్ధతి ఎంచుకోవడం ఎలా?

కర్నూలు, అనంతపురం, కడప వైపు కొత్తగా క్లినిక్ పెట్టిన డెంటిస్టులు, హౌస్‌సర్జన్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. సింగిల్ కోన్ (కెనాల్‌లో ఒకే కోన్) వేస్తే చాలా, లాటరల్ కండెన్సేషన్ (దాని పక్కన మరిన్ని కోన్లు నొక్కి పెట్టడం) చేయాల్సిందేనా, వేడి మెషీన్ కొనకపోతే సీల్ సరిగ్గా రాదా?

పద్ధతి పేరును బట్టి దీనికి జవాబు చెప్పలేం. ఆ పంటిలో కెనాల్ గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా, చివర ఎంత వెడల్పుంది అన్నదాన్ని బట్టి పద్ధతి మారాలి. ఎంపిక ఎలా చేయాలో, ఆ తర్వాత ఒక్కో స్టెప్ ఎలా నడపాలో వరసగా రాస్తున్నాను. క్లీనింగ్, షేపింగ్ మీకు వచ్చనే అనుకుని నింపడం దగ్గర నుంచి మొదలుపెడుతున్నాను.

1. సీల్ చేసేది కోనా, సీలరా?

గట్టాపెర్చా (కెనాల్ నింపే రబ్బరు లాంటి పదార్థం) డెంటిన్‌కు, అంటే పంటి లోపలి గట్టి పొరకు, అంటుకోదు. మనం వాడే కోన్‌లో అసలు గట్టాపెర్చా సుమారు ఐదో వంతే, ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. కోన్ పని చోటు నింపడం. కోన్‌కూ గోడకూ మధ్య ఉన్న సందును మూసేది సీలర్ అనే పేస్టు.

అలాగని కెనాల్ నిండా సీలర్ పోస్తే సీల్ బాగుండదు. జింక్ ఆక్సైడ్ యూజినాల్ సీలర్ తడి తగిలేకొద్దీ కరుగుతుంది. రెజిన్ సీలర్ గట్టిపడేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది. పొర ఎంత మందమైతే ఈ నష్టం అంత ఎక్కువ. అందుకే ఏ పద్ధతి వాడినా లక్ష్యం ఒకటే: కోన్ ఎక్కువ, సీలర్ పలచగా, మధ్యలో ఖాళీ లేకుండా. బయోసెరామిక్ సీలర్లు పెద్దగా కుంచించుకోవు కాబట్టి వాటితో ఈ నియమం కొంచెం సడలుతుంది. ఆ సంగతి 7లో చెబుతాను.

సీల్ మూడు చోట్ల ఉండాలి: అపెక్స్ (రూట్ కొన) దగ్గర, పక్క గోడల వెంట, పైన ఆరిఫీస్ (కెనాల్ నోరు) దగ్గర. చాలామంది మొదటి దాని మీదే దృష్టంతా పెడతారు. మూడోది వదిలేయడం వల్ల పాడయ్యే కేసులు మన దగ్గర చాలా ఎక్కువ.

2. నింపడానికి ముందు

మురికి గోడ మీద ఏ సీలరూ నిలవదు. ఫైలింగ్ తర్వాత గోడ మీద స్మియర్ లేయర్ (డెంటిన్ పొడి, మురికి కలిసిన పలచని పొర) మిగులుతుంది. అది ఉంటే సీలర్ డెంటిన్ నాళాల్లోకి వెళ్ళదు.

- హైపోక్లోరైట్‌తో కడగడం పూర్తయ్యాక 17 శాతం ఈడీటీఏ (ఆ పొరను తొలగించే ద్రావణం) ఒక నిమిషం ఉంచండి. నిమిషాల తరబడి వదిలేస్తే డెంటిన్ కొరుకుడు పడుతుంది.
- పక్కన రంధ్రం ఉన్న సూదినే వాడండి. వర్కింగ్ లెంగ్త్‌కి (ఫైల్, కోన్ దిగాల్సిన లోతు) 1–2 మి.మీ. పైనే ఆపండి. సూది ఇరుక్కున్నట్టు అనిపిస్తే వెనక్కి తీయండి.
- హైపోక్లోరైట్ ఉండగానే క్లోర్‌హెక్సిడిన్ పోయకండి. గోధుమ రంగు మడ్డి ఏర్పడి నాళాల నోళ్ళు మూస్తుంది. మధ్యలో సెలైన్‌తో కడిగి, పేపర్ పాయింట్‌తో ఆరబెట్టాలి.
- గత సిట్టింగ్‌లో కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి ఉంటే మాస్టర్ ఫైల్ (షేపింగ్ ముగించిన సైజు ఫైల్) మళ్ళీ పంపి, కదిలిస్తూ కడగండి. గోడకు అంటుకున్న తెల్లటి పొర సీలర్‌కు అడ్డు.
- చివరగా డిస్టిల్డ్ వాటర్ లేదా సెలైన్.

ఆరబెట్టేటప్పుడు చివరి పేపర్ పాయింట్‌ని వెలుతురులో చూడండి. కొన మాత్రమే ఎర్రగా ఉంటే మీరు అపెక్స్ దాటి ఉండొచ్చు. లెంగ్త్ మళ్ళీ కొలవండి. పక్కన ఒక చోట మరక ఉంటే పక్క గోడకు రంధ్రం పడిందేమో అనుమానించాలి. మొత్తం తడిసి వస్తుంటే లోపల నుంచి స్రావం ఆగలేదని అర్థం. ఆ రోజు నింపకండి.

ఈరోజు నింపొచ్చా?

☐ నొప్పి, వాపు లేవు
☐ తట్టి చూస్తే నొప్పి తగ్గింది
☐ పేపర్ పాయింట్ పొడిగా, వాసన లేకుండా వచ్చింది
☐ రబ్బర్ డ్యామ్ (లాలాజలం రాకుండా పంటి చుట్టూ పెట్టే రబ్బరు షీట్) ఉంది, టెంపరరీ (తాత్కాలిక ఫిల్లింగ్) ఊడిపోయి లేదు
☐ వర్కింగ్ లెంగ్త్ అపెక్స్ లొకేటర్‌తోనూ ఎక్స్‌రేతోనూ సరిచూశాను

ఒక్కటి కుదరకపోయినా మందు పెట్టి పంపండి. దూరం ఊరి నుంచి వచ్చారు, ఈరోజే అయిపోవాలి అని పేషెంట్ ఒత్తిడి పెడతారు. ఆలూరు నుంచో రాయదుర్గం నుంచో బస్సులో వచ్చినవాళ్ళు అలా అడగడంలో తప్పులేదు. కానీ తడి కెనాల్ నింపితే మళ్ళీ బస్సెక్కాల్సింది వాళ్ళే. ఆ మాట నెమ్మదిగా చెబితే వింటారు.

3. కెనాల్ ఆకారాన్ని బట్టి పద్ధతి

ముందు ఎక్స్‌రే గురించి ఒక మాట. మనం తీసే ఎక్స్‌రే బుగ్గ వైపు నుంచి లోపలికి చూపిస్తుంది. కింది దవడ మొదటి మోలార్‌లో (దవడ పన్ను) డిస్టల్ (వెనక వైపు) కెనాల్ బుగ్గ నుంచి నాలుక వైపుకి సాగి చదునుగా ఉంటుంది. ఆ చదునుతనం ఎక్స్‌రేలో కనిపించదు.

వేరే చోట చేయించుకుని, నమిలితే నొప్పి అంటూ వచ్చిన ఒక పేషెంట్ ఎక్స్‌రే చూస్తే ఫిల్లింగ్‌కి వంక పెట్టలేం. లెంగ్త్ సరిగ్గా ఉంది, తెల్లగా, నిండుగా ఉంది. తెరిచి చూస్తే డిస్టల్ కెనాల్ మధ్యలో ఒక్క కోన్. దాని నాలుక వైపు 10 నంబర్ ఫైల్ పెట్టగానే ఏ అడ్డూ లేకుండా సగం లోతుకి జారింది. అక్కడ మెత్తబడిన సీలర్, దాని వెనక దుర్వాసన. కోన్ సరైనదే, అది వెళ్ళిన చోటూ సరైనదే. దానికి తోడు పడాల్సిన మిగతా కోన్లు లేవు.

ఎంపిక ఇలా చేయండి:

- గుండ్రని, సన్నని కెనాల్ (మోలార్ల మీసియల్, అంటే ముందు వైపు కెనాల్స్, పై మోలార్ డిస్టోబకల్, అంటే వెనక బుగ్గ వైపుది): సరిపోయే టేపర్ (కొన నుంచి పైకి లావయ్యే తీరు) ఉన్న కోన్, బయోసెరామిక్ సీలర్‌తో సింగిల్ కోన్ చాలు.
- చదును కెనాల్ (కింది మోలార్ డిస్టల్, కింది ఇన్సైజర్లు, పై రెండో ప్రీమోలార్): లాటరల్ లేదా వేడి పద్ధతి.
- సీ ఆకారం కెనాల్, రెండు కెనాల్స్‌ని కలిపే సన్నని చీలిక, రూట్ లోపల అరిగిన గుంట: వేడి చేసిన గట్టాపెర్చా. కింది రెండో మోలార్‌లో సీ ఆకారం ఉందేమో ప్రతిసారీ వెతకండి. ఆసియా వాసుల్లో అది ఎక్కువ.
- తెరుచుకున్న అపెక్స్: పైవేవీ కుదరవు. ముందు 4–5 మి.మీ. ఎంటీఏ (తడిలో గట్టిపడే సిమెంటు) ప్లగ్, అది గట్టిపడ్డాక పైన నింపడం.

4. మాస్టర్ కోన్: సగం సీల్ ఇక్కడే తేలిపోతుంది

తొందరగా దాటేసే స్టెప్ ఇదే. కానీ నేను ఎక్కువ సమయం పెట్టమనేది కూడా దీని మీదే.

కోన్ పెట్టె మీద 25 (అంటే కొన 0.25 మి.మీ.) అని ఉంటే లోపలి కోన్ కొన 25 ఉంటుందని నమ్మకండి. గట్టాపెర్చా కోన్‌కి 0.05 మి.మీ. అటూ ఇటూ తేడాను ప్రమాణాలే అనుమతిస్తాయి. అంటే 25 అన్న కోన్ 20 అయినా కావచ్చు, 30 అయినా కావచ్చు. జీపీ గేజ్ (కోన్ కొన సైజు కొలిచే రంధ్రాల పలక) కొనుక్కోండి. గేజ్ రంధ్రంలో కోన్ దూర్చి, బయటికి వచ్చిన కొనను కొత్త బ్లేడుతో అడ్డంగా కోయండి. కత్తెరతో కోస్తే కొన నలిగి ఒక పక్కకి పెచ్చులా లేస్తుంది. ఆ పెచ్చు పక్కన సీలర్ గడ్డ కడుతుంది.

1. ఏ ఫైల్‌తో ఆపారో ఆ సైజు, ఆ టేపర్ కోన్ తీసుకోండి (లాటరల్ కండెన్సేషన్‌కైతే 2 శాతం కోన్, ఆ సంగతి 6లో). ప్రోటేపర్ ఎఫ్2 ఫైల్‌తో ఆపితే కొన 25, చివరి 3 మి.మీ.లో టేపర్ 8 శాతం. దానికి మామూలు 2 శాతం కోన్ ఒక్కటే వేస్తే చుట్టూ అంతా సీలరే.
2. వర్కింగ్ లెంగ్త్ దగ్గర ట్వీజర్‌తో నొక్కి గుర్తు పెట్టండి.
3. కెనాల్ తడిగా ఉండగానే, అంటే 2లో చెప్పిన ఆరబెట్టడానికి ముందే, దించండి. పొడి కెనాల్‌లో అయితే మధ్యలో పట్టుకుని, చివర పట్టినట్టు భ్రమ కలుగుతుంది.
4. లెంగ్త్‌కి చేరాక కొద్దిగా వెనక్కి లాగండి. పట్టు తెలియాలి. అదే టగ్ బ్యాక్.
5. బయటికి తీసి కొన చూడండి. వంకర తిరిగిందంటే కోన్ సన్నది, లేదా లెడ్జ్ (గోడలో పడ్డ మెట్టు) ఉంది.
6. కోన్ పెట్టి ఎక్స్‌రే తీయండి. రెండు కెనాల్స్ ఉన్న రూట్‌లో ట్యూబ్‌ని 20 డిగ్రీలు మీసియల్ వైపు జరపండి. రెండు కోన్లు విడిగా కనిపిస్తాయి.

పట్టు ఉంటే చాలు, అది చివర్లోనే ఉందనుకోవడం పెద్ద పొరపాటు. టేపర్ కోన్ పై సగంలో బిగుసుకున్నా అదే పట్టు చేతికి తెలుస్తుంది. బయటికి తీసిన కోన్ మీద గోడ ఒరుసుకున్న గీతలు ఎక్కడున్నాయో చూడండి. చివరి 3 మి.మీ.లో కాక మధ్యలో ఉంటే కోన్ మార్చండి, లేదా పై భాగాన్ని కొంచెం వెడల్పు చేయండి.

కోన్ సరిపోయాక 5.25 శాతం హైపోక్లోరైట్‌లో ఒక నిమిషం ముంచి, సెలైన్‌తో కడిగి, ఆరబెట్టండి.

5. ఎండాకాలం సంగతి

కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటడం మామూలే. గట్టాపెర్చా 42–49 డిగ్రీల మధ్యే ఒక రూపం నుంచి మరో రూపానికి మారి మెత్తబడుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో, కిటికీ పక్క ట్రేలో పెట్టిన కోన్ కెనాల్‌లోకి వెళ్ళకుండా వంగిపోతుంటే తప్పు మీ చేతిది కాదు. పెట్టెలు ఫ్రిజ్‌లో ఉంచండి. పాత, ఎండ తగిలిన కోన్ పెళుసుగా మారుతుంది. వంచితే విరిగేదాన్ని పారేయండి.

వేడికి జింక్ ఆక్సైడ్ యూజినాల్ సీలర్ కూడా తొందరగా గట్టిపడుతుంది. గ్లాస్ స్లాబ్‌ని చల్లబరిచి, పూర్తిగా తుడిచి, అప్పుడు కలపండి. స్లాబ్ మీద చెమ్మ ఉంటే చల్లబరిచిన ఫలితం పోతుంది.

6. లాటరల్ కండెన్సేషన్, స్టెప్ తర్వాత స్టెప్

మెషీన్ లేని క్లినిక్‌లో చదును కెనాల్‌కి నమ్మదగిన పద్ధతి ఇదే. లెంగ్త్ మన అదుపులో ఉంటుంది. ఖర్చు తక్కువ. ఓపిక కావాలి.

1. 2 శాతం మాస్టర్ కోన్ తీసుకోండి. రోటరీతో 6 శాతం షేప్ చేసి, 6 శాతం కోన్ పెట్టి, ఆపైన స్ప్రెడర్ (కోన్‌ని గోడ వైపు నొక్కే మొనదేలిన పరికరం) దూర్చాలని చూస్తే అది సగంలోనే ఆగుతుంది. కింద సగం సింగిల్ కోన్, పైన సగం లాటరల్ అవుతుంది.
2. స్ప్రెడర్‌ని ముందే సరిచూడండి. మాస్టర్ కోన్ పక్కన వర్కింగ్ లెంగ్త్‌కి 1–2 మి.మీ. దాకా దిగాలి. ఆ లోతుకి రబ్బర్ స్టాపర్ పెట్టండి. వేళ్ళతో పట్టే ఫింగర్ స్ప్రెడర్ వాడండి. పెద్ద పిడి ఉన్నదానితో తెలియకుండానే బలం ఎక్కువై రూట్ నిలువుగా చీలొచ్చు.
3. కోన్ కొన సగానికి సీలర్ పూసి నెమ్మదిగా దించండి. గబుక్కున తోస్తే ముందున్న గాలి, సీలర్ రెండూ అపెక్స్ బయటికి పోతాయి.
4. స్ప్రెడర్ దించి పది సెకన్లు అలాగే ఉంచండి. గట్టాపెర్చా ఒత్తిడికి జరగడానికి సమయం కావాలి. చాలామంది దించిన వెంటనే తీసేస్తారు, జరిగిన కోన్ తిరిగి వెనక్కి వస్తుంది.
5. తీసేటప్పుడు అటూ ఇటూ తిప్పుతూ తీయండి. నేరుగా పైకి లాగితే మాస్టర్ కోన్ కూడా దాని వెంటే వస్తుంది.
6. ఖాళీ అయిన చోట వెంటనే పక్క కోన్. స్ప్రెడర్ సైజే, లేదా ఒక సైజు చిన్నది. ముందే సీలర్ పూసి, లెంగ్త్ గుర్తు పెట్టి చేతికి అందేలా ఉంచుకోండి. స్ప్రెడర్ దిగిన లోతుకే కోన్ దిగాలి. దిగకపోతే ఆ అడుగున ఖాళీ ఉన్నట్టే.
7. ఇలాగే కొనసాగించండి. స్ప్రెడర్ పై మూడో వంతు దాటి దిగనప్పుడు ఆపండి. కోయకముందే ఎక్స్‌రే తీయండి. ఏదైనా తేడా ఉంటే గుత్తి మొత్తం లాగి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కోసేశాక ఆ వీలు లేదు.
8. వేడి పరికరంతో ఆరిఫీస్ దగ్గర కోసి, చల్లటి ప్లగ్గర్‌తో (చదును కొన ఉన్న నొక్కే పరికరం) కిందికి నొక్కండి.

చదును కెనాల్‌లో స్ప్రెడర్‌ని ప్రతిసారీ ఒకే వైపు దించకండి. ఒకసారి బుగ్గ వైపు, ఒకసారి నాలుక వైపు.

7. సింగిల్ కోన్ ఎప్పుడు, ఎలా?

తేలిక అన్న ఒక్క కారణంతో దీన్ని వాడకండి. కోన్ కెనాల్‌కి సరిపోతే వాడండి.

బయోసెరామిక్ సీలర్ గట్టిపడటానికి డెంటిన్‌లోని తడి కావాలి. కాబట్టి స్పిరిట్‌తో కడిగి, పేపర్ పాయింట్లు అరడజను వాడి గోడను ఎండగట్టేయకండి. నీరు కనిపించకుండా ఉంటే చాలు.

- సిరంజి కొనను కెనాల్ మధ్య భాగం వరకే దించి కొద్దిగా సీలర్ వదలండి. అపెక్స్ దగ్గర వదలకండి.
- కోన్‌కి పలచగా పూసి, మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ లెంగ్త్‌కి దించండి.
- ఆరిఫీస్ దగ్గర కోసి ప్లగ్గర్‌తో నొక్కండి.

కోన్ తప్పనిసరిగా పూర్తి లెంగ్త్‌కి చేరాలి. కోన్ 3 మి.మీ. పైన ఆగి, కిందంతా బయోసెరామిక్ సీలరే గట్టిపడితే రేపు రీట్రీట్‌మెంట్ చేసేవాళ్ళకి అపెక్స్ దాకా దారి తెరవడం చాలా కష్టం.

8. వేడి పద్ధతి

పక్క కెనాల్స్, చీలికలు, గుంటలు నింపడంలో దీనికి సాటి లేదు. కానీ చివర పట్టు లేని కెనాల్‌లో దీనంత ప్రమాదం కూడా లేదు.

1. టేపర్ ఉన్న కోన్‌ని వర్కింగ్ లెంగ్త్‌కి 0.5–1 మి.మీ. పైన పట్టేలా అమర్చండి. వేడికి అది కొంచెం కిందికి వెళ్తుంది.
2. వేడి ప్లగ్గర్‌ని ఖాళీ కెనాల్‌లో ముందే చూసుకోండి. లెంగ్త్‌కి సుమారు 5 మి.మీ. పైన ఆగాలి. స్టాపర్ పెట్టండి.
3. సీలర్ చాలా పలచగా పూయండి. వేడిని తట్టుకునే సీలరేనా అని కంపెనీ సూచనల్లో చూడండి.
4. 200 డిగ్రీలు పెట్టి, ఒకే కదలికలో కిందికి దిగండి. వేడి 4 సెకన్లకు మించకూడదు.
5. వేడి ఆపి, ఒత్తిడి మాత్రం పది సెకన్లు ఉంచండి. గట్టాపెర్చా చల్లారుతూ కుంచించుకుంటుంది. ఆ లోటు పూడ్చేది ఈ పది సెకన్లే.
6. ఒక్క సెకను వేడి ఇచ్చి ప్లగ్గర్ తీసేయండి.
7. పై భాగం గన్‌తో (వేడి గట్టాపెర్చా వదిలే పరికరం) నింపండి. సూదిని కింది గట్టాపెర్చాకి తాకించి ఐదు సెకన్లు ఆగి, ఆ తర్వాతే వదలండి. ఒకసారికి 3–4 మి.మీ., నొక్కి మళ్ళీ 3–4. ఒకేసారి నింపితే మధ్యలో గాలి బుడగ ఖాయం.

రూట్ బయటి ఉపరితలం మామూలు ఒంటి వేడి కంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కితే చుట్టూ ఉన్న ఎముకకు హాని. కింది ఇన్సైజర్ల వంటి పలచని రూట్‌లలో ఆ సెకన్ల లెక్క కచ్చితంగా పాటించండి.

కింది రెండో మోలార్‌లో ఇంకో జాగ్రత్త. దాని కొన కింద దవడ నరం దగ్గరగా పోతుంది. సీలరో, వేడి గట్టాపెర్చానో అక్కడికి తోసుకుపోతే పేషెంట్‌కి పెదవి మొద్దుబారిపోతుంది. అపెక్స్ వెడల్పుగా ఉన్నా, ఫైలింగ్‌లో చిరిగినట్టు అనుమానమున్నా ఆ పంటికి వేడి పద్ధతి వద్దు.

9. ప్లాస్టిక్ క్యారియర్ మీద గట్టాపెర్చా

ప్లాస్టిక్ పుల్లకు పూసి ఉన్న గట్టాపెర్చాని వేడిచేసి దించే పద్ధతి ఇది. వేగంగా అవుతుంది. అయితే వంపు కెనాల్‌లో గట్టాపెర్చా ఒరుసుకుపోయి ఒట్టి క్యారియర్ గోడకు తగలొచ్చు. పోస్ట్ (పై ఫిల్లింగ్‌కి ఆధారంగా కెనాల్‌లో దించే కడ్డీ) పెట్టాల్సి వస్తే తీయడం తలనొప్పి. కొత్తవాళ్ళకి నేను చెప్పను.

10. పైన మూత

కింద ఎంత బాగా నింపినా పైన తెరిచి ఉంటే లాలాజలంతో పాటు బ్యాక్టీరియా దిగుతుంది. పరిశోధకులు రే, ట్రోప్ 1995లో 1010 పళ్ళ ఎక్స్‌రేలు పరిశీలించి, రూట్ ఫిల్లింగ్ నాణ్యత కంటే పై ఫిల్లింగ్ నాణ్యతకే అపెక్స్ ఆరోగ్యంతో ఎక్కువ సంబంధం ఉందని చెప్పారు. తర్వాత వచ్చిన పరిశీలనలు రెండూ ముఖ్యమేనన్నాయి. ఏ రకంగా చూసినా పైదాన్ని వదిలేయడానికి వీల్లేదు.

మన పేషెంట్లలో నొప్పి తగ్గగానే క్యాప్ వాయిదా వేసేవాళ్ళు ఎక్కువ. "శనక్కాయలు అమ్మినాక వేయించుకుంటాం సార్" అన్నవాళ్ళు మళ్ళీ కనిపించేసరికి నెలలు గడుస్తాయి. టెంపరరీ సిమెంటు అన్ని నెలలు ఆగదు. జొన్నరొట్టె నమిలే పంటి మీద అసలే ఆగదు. అందుకే నింపిన రోజే ఇవన్నీ చేసి పంపండి:

☐ ఆరిఫీస్ నుంచి 1–2 మి.మీ. కిందికి గట్టాపెర్చా తీసి, గ్లాస్ అయానమర్ లేదా ఫ్లోయబుల్ కాంపోజిట్‌తో మూశాను
☐ గోడల మీద సీలర్ మరకలు స్పిరిట్ దూదితో తుడిచాను (యూజినాల్ మిగిలితే కాంపోజిట్ సరిగ్గా గట్టిపడదు)
☐ టెంపరరీ కాకుండా కోర్ ఫిల్లింగ్ వేశాను
☐ తప్పక టెంపరరీ పెట్టాల్సి వస్తే కనీసం 3.5 మి.మీ. మందం ఉంది
☐ మోలార్ అయితే మొనలు కొంచెం తగ్గించాను
☐ పోస్ట్ వేస్తే కింద 4–5 మి.మీ. గట్టాపెర్చా మిగిల్చాను

అనంతపురం జిల్లాలో, కడప వైపు కొన్ని ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల మచ్చలు పడ్డ పళ్ళు చాలా చూస్తాం. ఆ ఎనామిల్ యాసిడ్‌కి త్వరగా లొంగదు, కాంపోజిట్ పట్టు తగ్గుతుంది. పై పొరను బర్‌తో పలచగా గీరి, ఎచింగ్ సమయం పెంచండి.

11. ఎక్స్‌రేలో తేడా కనిపిస్తే

పొట్టిగా ఆగింది. సీలర్ గట్టిపడకముందే తీసేసి మళ్ళీ చేయండి. లెడ్జ్ దగ్గర డెంటిన్ పొడి అడ్డుపడిందేమో 10 నంబర్ ఫైల్ కొన వంచి వెతకండి. స్వీడన్ పరిశోధకులు 1990లో ప్రచురించిన ఫలితాల్లో, అపెక్స్ దగ్గర ఇన్ఫెక్షన్ ఉన్న రూట్‌లలో ఫిల్లింగ్ అపెక్స్‌కి 2 మి.మీ. లోపు ఉన్నప్పుడు 94 శాతం మానాయి. అంతకంటే పొట్టిగా ఉంటే 68 శాతం, బయటికి పోతే 76 శాతం.

కోన్ బయటికి పోయింది. అదే రోజైతే హెడ్‌స్ట్రామ్ ఫైల్ పక్కన దూర్చి మెల్లగా లాగితే సాధారణంగా వస్తుంది. అపెక్స్ దగ్గర కొత్త స్టాప్ తయారుచేసి, పెద్ద సైజు కోన్‌తో నింపండి. సీలర్ చుక్క మాత్రమే పోయి, నరానికి దూరంగా ఉంటే గమనిస్తూ ఉండండి.

మధ్యలో నల్లటి గీత (అక్కడ ఖాళీ మిగిలింది). పై సగంలో అయితే వేడి ప్లగ్గర్‌తో అక్కడిదాకా తీసి మళ్ళీ నింపండి. చివరి భాగంలో అయితే మొత్తం తీయాల్సిందే.

మాస్టర్ కోన్ స్ప్రెడర్‌తో వచ్చేసింది. అదే కోన్ మళ్ళీ పెట్టకండి. కొత్తది కొలిచి పెట్టండి.

12. ఫాలో అప్

చివరి ఎక్స్‌రేని రబ్బర్ డ్యామ్ తీశాక నేరుగా ఒకటి, కోణం మార్చి ఒకటి తీసి దాచండి. ఏ సీలర్, ఏ పద్ధతి, మాస్టర్ కోన్ సైజు ఎంత అన్నది కేస్ షీట్‌లో రాయండి. మొదటి రెండు మూడు రోజులు కొరికితే కొంచెం నొప్పి ఉంటుందని పేషెంట్‌కి ముందే చెబితే టెన్షన్ పడరు. వాపు వస్తే మాత్రం ఆగకుండా రమ్మనండి.

ఏడాది నిండాక ఒక ఎక్స్‌రే తప్పనిసరి. అపెక్స్ దగ్గరి నల్లటి మచ్చ తగ్గుతూ ఉండి పూర్తిగా పోకపోతే నాలుగేళ్ళ దాకా చూడొచ్చు. ఫాలో అప్‌కి రమ్మంటే "నొప్పి లేదు కదా" అని మానేస్తారు కాబట్టి ఆ తేదీని క్యాప్ తేదీతో పాటే కార్డు మీద రాసి, ఫోన్ చేసే బాధ్యత రిసెప్షన్‌లో ఒకరికి అప్పగించండి.